లాభం, రెండు, మూడు

మా మనవరాలికి ఏడేళ్లు. లెక్కల పరీక్ష ఉన్న రోజు పొద్దున దానికి కడుపునొప్పి వస్తుంది. మొదట నటన అనుకున్నాం. కాదు. చేతులు చల్లబడిపోతాయి, ఇడ్లీ ముక్క గొంతు దిగదు. ఎవరికీ కనబడకుండా బల్ల కింద వేళ్లు మడిచి ఎంచుకుంటుంది. టీచరు మా అమ్మాయికి ఫోన్ చేసి, పుస్తకం ముందు కూర్చోబెట్టి బలవంతం చేయకండి, ఇంటి పనుల్లోనే లెక్క అలవాటు చేయండి, వంటింట్లో కొలవనివ్వండి, మెట్లు ఎంచనివ్వండి అని చెప్పిందట.

అమ్మాయికీ అల్లుడికీ ఆఫీసులు. ఇంట్లో తీరికగా ఉండేది నేనొక్కణ్ణే. పైగా ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లకు పైగా కొలతల విభాగంలో పనిచేసి, వెంట్రుక మందం తేడా ఉన్నా సామాను వెనక్కి పంపినవాణ్ణి. "నీకంటే బాగా ఎవరు నేర్పిస్తారు నాన్నా? కోప్పడకు, అంతే" అంది అమ్మాయి. ఆ చివరి మాట ఎందుకన్నదో నాకు తెలుసు. దాని చిన్నప్పుడు ఎక్కం తప్పినప్పుడల్లా అరచేతి మీద స్కేలుతో కొట్టింది నేనే.

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏడో అంతస్తు మాది. వంటింటి గట్టు ముందు స్టూలు వేసి పిల్లను నిలబెట్టాను. కుక్కర్ గిన్నెలో మూడు గ్లాసుల బియ్యం పోయాలి. అది నాలుక కొస బయటపెట్టి, గ్లాసు అంచు దాకా జాగ్రత్తగా నింపి, గిన్నెలో వంచింది. నా నోరు దానంతట అదే "లాభం" అంది.

"లాభం అంటే ఏంటి తాతా?"

"పాతకాలంలో కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనేవాళ్లు కాదు బంగారూ. లాభం అనేవాళ్లు. ఆ తర్వాత రెండు, మూడు. మంచి జరగాలని అలా."

అది ఖాళీ గ్లాసు పట్టుకుని ఆలోచించింది. "అయితే లాభం అంటే వన్నా, జీరోనా?"

ఒకటి అని చెప్పాలి. అంతే కదా. చెప్పకుండా గ్లాసు దాని చేతిలోంచి తీసుకుని గట్టు మీద పెట్టాను. పిల్ల ముఖం చిన్నబోయింది. "నేను తప్పు అడిగానా తాతా?"

తప్పు అడగలేదు. ఇదే ప్రశ్న, ఆ వంటింటికి ఎంతో దూరం లేని చోట, ఇంకో ఆడపిల్ల నన్ను అడిగింది. అప్పుడు నేను ఏమాత్రం తడబడకుండా జవాబు చెప్పాను.

ఇప్పుడు అపార్టుమెంట్లూ కాఫీ అంగళ్లూ ఉన్న ఈ నేలంతా అప్పుడు రాగి చేలు. ముప్పై గడపల పల్లె మాది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. మా పెద్దలు ఏ ఊరి నుంచి వచ్చారో ఎవరూ చెప్పలేకపోయేవారు. అడిగితే మా అవ్వ నవ్వేది. "ఆకలి తరిమితే వచ్చినాము. పెండ్లికి వచ్చినట్టు ఏ ఊరు, ఏ దినము అని అడుగుతావేమప్పా."

నాకు గుర్తున్నది ఆ ఏటి చలికాలం. రాగి కోతలైపోయి, కుప్పలు వేసి, కళ్లం అలికే రోజులు. పొద్దున లేస్తే పశువుల కొట్టం కూడా కనిపించనంత మంచు. ఆ మంచులో అనపకాయల వాసన. బెంగళూరు వాళ్లు వాటిని అవరెకాయలంటారు. పచ్చిగా, కొంచెం జిడ్డుగా ఉండే వాసన అది. వేళ్లకు అంటుకుంటే సాయంత్రం దాకా పోదు. మంచు పడినకొద్దీ కాయకు వాసన ఎక్కుతుందనేది అమ్మ. ఆ రెండు నెలలూ ఏ పూట చూసినా అవే. చారులో అవే, పులుసులో అవే. నానబెట్టి తోలు తీసి పితికిన పప్పు చేసిన రోజు మా నాయన అన్నం మీద కోపం, ఎద్దుల మీద కోపం, లోకం మీద కోపం అన్నీ మరిచిపోయి తినేవాడు.

ఇంట్లో ఇన్ని ఉన్నా పక్కవాళ్ల చేలో కాయలు దొంగిలించేవాళ్లం నేనూ మా చెల్లెలూ. గడ్డి మంటలో కాల్చి, వేడివేడిగా ఊదుకుంటూ తిని, నల్లబడిన మూతులు ఒకరివి ఒకరం తుడుచుకునేవాళ్లం. కాపలా దానిది, దొంగతనం నాది. దొరికితే దెబ్బలు నాకు, ఏడుపు దానికి. అంతగా నన్ను నమ్మి నా వెంట తిరిగేది.

అవ్వకు అక్షరం రాదు. కానీ ఇంట్లో లెక్క తెలియని వస్తువు ఆమె చేతి మీదుగా పోయేది కాదు. పొయ్యి ముందు కూర్చుని, సంగటి కెలుకుతూ మమ్మల్ని అడిగేది.

"ఏమప్పా, ఇంట్లో తొమ్మిది మందిమి. తలా రెండు ముద్దలు. మీ నాయనకు ఒకటి ఎచ్చు. ఎన్ని కట్టల్ల?"

నేను తొమ్మిది రెళ్లు అని లోపల మొదలుపెట్టేలోగా చెల్లెలు "పంతొమ్మిది" అనేది. పైగా పొగకు కళ్లు నులుముకుంటూ, అదొక పెద్ద పని కానట్టు. బెల్లం అచ్చు పగలగొట్టి ఎనిమిదో వంతు ఏదో చూపించమంటే చూపించేది. పూలమాల మూరలు చూసి, మూడు తలలకు ఎంతెంతో చెప్పేది. మేము తప్పు చెబితే అవ్వ తప్పు అనేది కాదు. "ఊ, కట్టి చూద్దామా?" అనేది. కట్టి చూస్తే తప్పు దానంతట అదే బయటపడేది, మేమే నవ్వేవాళ్లం. ఫ్యాక్టరీలో అంత కాలం పనిచేసినా, కన్నకూతురికి ఎక్కాలు నేర్పేటప్పుడు ఆ ఒక్క మాట నాకు గుర్తు రాలేదు.

నేను ఆరో తరగతి, క్లాసులో మొదటివాణ్ణి. చెల్లెలు ఎనిమిదేళ్లది, మూడో తరగతి. ఇంటికి ఎవరొచ్చినా అవ్వ మమ్మల్నిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, "వానికి పలక కావాల. దీనికి పలకెందుకు?" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం మండేది.

మా పల్లెలో బడి మూడో తరగతి వరకే. ఆ పైన చదవాలంటే మడివాళ పోవాలి. నేను పోతున్నాను. చెల్లెలి సంగతి వచ్చేసరికి నాయన మొండికేశాడు.

"ఆడబిడ్డ అంత దూరం యాడ నడుస్తాది? నడిచి ఏం తెస్తాది?"

"దానికి లెక్క వస్తాదప్పా" అంది అవ్వ. "నీకు రాదు. నీ కొడుక్కు సగం వస్తాది. దానికి నిండుగా వస్తాది. అట్లాంటి బిడ్డను పేడ ఎత్తను పెడతావా?"

"నీ మనవరాలంటే నీకు ముద్దు. ముద్దు వేరే, లెక్క వేరే."

"అయితే చూడు. పరీక్ష పెట్టు."

నాయన కాసేపు ఆలోచించాడు. "సరే. ఈ తూరి కళ్లంలో కూలోళ్లకు రాగులు అదే కొలవనీ. ఒక్క సేరు తేడా రాకుంటే మడివాళకు పంపిస్తా. తేడా వచ్చిందా, మళ్లీ నువ్వు నోరెత్తద్దు."

"మాట?"

"మాట."

నేను అక్కడే గోడకు ఆనుకుని కాయలు వొలుస్తున్నాను. ప్రతి మాటా విన్నాను. చిన్నతనం, తెలియక చేశాను అని ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. అది ఓడిపోతే దానికి బడి ఉండదని నాకు బాగా తెలుసు. నా స్నేహితుడొకడు నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని బడికి తీసుకుపోయేవాడు. ఇది వస్తే దీని చేయి పట్టుకుని నడవాలి. అదొక కారణం. అసలు కారణం అది కాదు. నా బడిలో, నా మాస్టర్ల ముందు, ఇది నాకంటే ముందు జవాబు చెబుతుంది. ఆ భయంతో నాకు ఆ రోజు నుంచీ సరిగా తిండి సహించలేదు.

కళ్లం అంటే మా వాళ్లకు గుడి లాంటిది. పేడతో అలికిన ఆ నేల మీదికి చెప్పులతో ఎవరూ అడుగు పెట్టకూడదు. రాశి మీద పేడతో చేసిన పిళ్లారిని, అదే వినాయకుణ్ణి, పెట్టి, గరిక గుచ్చేవారు. కొలత మొదలైతే మొదటి సేరును ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఇంట్లో అలా అనరు, కళ్లంలోనే. చిన్నపిల్లలను, అందులోనూ ఆడపిల్లలను, అప్పటిదాకా కళ్లంలోకి రానిచ్చేవారు కాదు. కాబట్టి మా చెల్లెలికి ఆ మాట కొత్త.

కొలతకు ముందు రోజు గడ్డివామి పక్కన ఎండలో కూర్చుని ఉన్నాం. అది అడిగింది.

"అన్నా, మొదుట లాభం అనల్లంట. అవ్వ చెప్పింది. లాభం అంటే ఎంత?"

ఎలా తట్టిందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ అబద్ధం! వెతుక్కోనక్కర లేకుండా వచ్చింది.

"లాభం దేవుని పాలు. దాన్ని ఎంచకూడదు. లాభం అని ఒక సేరు పోసి, ఆ తరవాత ఒకటి, రెండు అని మొదలుపెట్టల్ల."

అది క్షణం కూడా ఆలోచించలేదు. "అట్లయితే ఐదు సేర్లకు ఆరు పడతాయి కదా?"

మా చెల్లెలు అంటే అదీ. నాకు ఆ చలిలో చెమట పట్టింది. "కళ్లంలో అంతే. నువ్వెప్పుడన్నా చూసినావా? నేను చూసినాను."

"అవ్వను అడుగుతా."

"పోయి అడుగు. దీనికి కొలత కూడా రాదంట అని నాయనకు తెలుస్తాది."

అది గడ్డిపరక నములుతూ కూర్చుండిపోయింది. అడగలేదు.

మర్నాడు చెల్లెలు కళ్లంలోకి రాకముందే అవ్వ స్వయంగా పెద్ద రాశిలోంచి తొంభై సేర్లు కొలిచి పక్కన పోయించింది. కోతకూ నూర్పిడికీ వచ్చినవాళ్లు పద్దెనిమిది మంది. తలా ఐదు సేర్లు. ఆ తర్వాత నాయన పెద్ద రాశి చుట్టూ బూడిదతో గీత గీశాడు. ఆ గీత పడ్డాక మరుసటి పొద్దు దాకా అందులోంచి గింజ తీయకూడదు. అది మా ఇంటి కట్టు. నాయన, మామ, మిగతా మగవాళ్లు అవతల బండికి గడ్డి ఎక్కిస్తున్నారు. అవ్వ పూజ సామాను సర్దుతోంది. చెల్లెలు కొత్త పావడా కట్టుకుని, సేరు పట్టుకుని, చిన్న రాశి ముందు గొంతుకూర్చుంది. నేను జల్లెడ పట్టుకుని కొంచెం దూరంలో ఉన్నాను.

మొదటి మనిషి దగ్గరే ఎవరో ఒకరు ఆపుతారు, అందరూ నవ్వుతారు, సేరు దాని చేతిలోంచి లాగేసుకుంటారు, పని అయిపోతుంది అనుకున్నాను.

"లాభం" అంది చెల్లెలు. ఒక సేరు పోసింది. "ఒకటి."

మొదటి ఆమె తల ఎత్తి చూసింది. పక్కనున్న ఆమె మోచేత్తో ఆమె డొక్కలో పొడిచింది. చెల్లెలు ఐదు అనేదాకా మొదటి ఆమె ఊరుకుని, ఆరు సేర్లు మూట కట్టుకుని, "చల్లగా ఉండు పాపా" అని నవ్వుతూ పోయింది. రెండో ఆమె కొంగు ముందుకు చాపింది.

ఎవరూ ఆపరని అప్పుడు తెలిసింది నాకు. ఆపి తన సేరు తానే ఎవరు పోగొట్టుకుంటారు?

పద్దెనిమిది మంది. తొంభై సేర్లు. తలా ఆరు పడితే పదిహేను మందితో సరి. ముగ్గురు మిగులుతారు. పలక లేకుండా, వేళ్లు లేకుండా ఆ లెక్క చేశాను. నా జన్మలో అంత వేగంగా ఏ లెక్కా చేయలేదు.

వరస చివర చూశాను. ఆ ఏడు వానల్లేక అనంతపురం వైపు నుంచి పనికి వచ్చిన ఒక ముసలామె, ఆమె కూతురు, కోడలు. ఆ సాయంత్రమే హోసూరు రోడ్డు మీద లారీ ఎక్కి ఊరికి పోవాలని మూటలు కట్టుకుని వచ్చి నిలబడ్డారు.

ఐదో మనిషి వెళ్లిపోయింది. అప్పటికే ఐదు సేర్లు ఎక్కువ పోయాయి, చివర ఒకరికి లేదు. నోరు తెరిస్తే ఇప్పటికీ ఒకరితోనే పోతుంది అనుకున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. జల్లెడ అంచు నా అరచేతిని కోస్తోంది. పదో మనిషి దగ్గర ఉండలేక దాని దగ్గరికి పోయాను.

"చెయ్యి నొస్తాదేమో. ఇటీ, నేను కొలుస్తా."

అది సేరును గుండెలకు హత్తుకుంది. "ఊహూ. ఇది నాది." తల పైకెత్తి నవ్వింది. ముక్కు మీద రాగి పొట్టు. "ఒక్కటి కూడా తప్పలేదు, చూస్తా ఉండావా?"

చూస్తున్నాను. వెనక్కి వచ్చేశాను. ఇద్దరికి లేదు.

పదిహేనో మనిషి మూట కట్టుకునేసరికి చెల్లెలి ముందు అలికిన నేల బయటపడింది. అది చేతుల్తో నేలంతా తడిమి, గింజలు ఊడ్చి, పిడికెడు పోగు చేసింది. ఆ పిడికెడు చూసుకుంది. వరసలో మిగిలిన ముగ్గురినీ చూసింది. మళ్లీ పిడికెడు చూసుకుంది.

నాయన వచ్చాడు. "ఏమైంది?"

ముసలామె, "ఏం లేదు సామీ, అయిపోయినట్టుండాది" అంది నెమ్మదిగా.

"ఒక్కొక్కరికి ఎన్ని పోసినావే?"

"ఐదు నాయనా."

"ఎట్ల ఎంచినావు? పలుకు."

"లాభం, ఒకటి, రెండు..."

బండి దగ్గర మగవాళ్లు గొల్లున నవ్వారు. మా మామ పొట్ట పట్టుకున్నాడు. "లాభం తరవాత ఒకటంట! బావా, ఈ లెక్కతో నీ కళ్లం ఖాళీ! మడివాళ ఎందుకు, సీదా బెంగళూరు కాలేజీకి పంపు దీన్ని!"

అవ్వ మాత్రం నవ్వలేదు. దాని ముందు కూర్చుని గడ్డం పట్టుకుంది. "ఎవురే అట్ల చెప్పింది నీకు?"

చెల్లెలు నా వైపు చూసింది. వేలు చూపలేదు, నోరు విప్పలేదు. ఊరికే చూసింది. నేనే చెబుతాననుకుంది.

"లాభం అంటే ఒకటే అని నేను చెప్పినాను నాయనా" అన్నాను. "దానికి అర్థం కాలేదు."

నా గొంతు ఏమాత్రం వణకలేదు. అదే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

లారీ పోయింది. ఆ ముగ్గురూ మా కొట్టంలో పడుకుని, మర్నాడు రాశి తెరిచాక తమ పాలు తీసుకుని వెళ్లారు. పోయేముందు ముసలామె చెల్లెలి తల నిమిరింది. అది తల ఎత్తలేదు.

ఆ తర్వాత బడులు తెరిచేదాకా నేను బతికిన బతుకు చెప్పలేను. నాయన పేరు పెట్టి పిలిస్తే చాలు, బయటపడింది అనుకునేవాణ్ణి. ఆరు సేర్లు మూటగట్టుకున్న వాళ్లలో ఎవరైనా వీధిలో కనిపిస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. రేపు చెబుతాను అనుకుంటూ పడుకుని, లేవగానే ఇవాళ వద్దు అనుకునేవాణ్ణి. చెల్లెలు మాత్రం నాతో ఎప్పటిలాగే ఉంది. అది నన్ను తిట్టి ఉంటే, రాయి పెట్టి కొట్టి ఉంటే, బహుశా చెప్పేసేవాణ్ణి.

ఒకనాడు అవ్వ నా తలకు ఆముదం రాస్తూ అడిగింది.

"లాభం అంటే ఏమని చెప్పినావప్పా దానికి?"

"ఒకటి అని."

ఆమె చేయి నా తల మీద ఆగింది. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను. "ఊ" అని మళ్లీ రాయడం మొదలుపెట్టింది. ఆ రోజు తర్వాత పొయ్యి ముందు నన్ను ఒక్క లెక్కా అడగలేదు. చెల్లెలిని అడిగేది, బతిమాలేది. అది "నాకు రాదు అవ్వా" అని లేచిపోయేది.

నాయనతో అవ్వ మళ్లీ గొడవపడింది. "మాట మాటే" అన్నాడు ఆయన. జూన్‌లో బడి తెరిచిన రోజు నేను సంచి తగిలించుకుని బయటికొస్తుంటే చెల్లెలు వాకిలి ఊడుస్తోంది. నాకు దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది. అంతే. అది బడికి మళ్లీ పోలేదు.

తర్వాతి సంగతులు వేగంగా జరిగిపోయాయి. దానికి హూడి అనే ఊళ్లో పెళ్లి చేశారు. మా చేలు లేఅవుట్ కిందికి పోయాయి. అవ్వ పోయింది. నాకు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. మా చెల్లెలు మంచి ఇల్లాలు, ఇద్దరు కొడుకులను పెంచింది. కానీ కొలతంటే చేయి వెనక్కి తీసుకుంటుంది. కుక్కర్‌లో నీళ్లు ఎంత పోయాలో కోడలిని అడుగుతుంది. మందు ఎన్ని చుక్కలో మనవడు ఎంచి పోయాలి. ఎవరైనా నేర్పబోతే నవ్వేస్తుంది. "నాకు చెప్తే అర్థం కాదప్పా, చిన్నప్పటి నుంచీ అంతే." ఆ మాట నా ముందే ఎన్నిసార్లు అన్నదో! అది నా మాట. కళ్లంలో నేను దాని మీద వేసిన మాటను అది తనదిగా చేసుకుని బతికింది.

ఆ రోజు వంటింట్లో మనవరాలికి చివరికి జవాబు చెప్పాను. "లాభం అంటే ఒకటే బంగారూ. నువ్వు అడిగింది చాలా మంచి ప్రశ్న." అది సంతోషంగా "రెండు" అంది. దాని ముఖం చూస్తుంటే నాకు భయం ఎక్కువైంది. ఈ పిల్ల కూడా నేను చెప్పిందల్లా నమ్ముతుంది. అటువంటి నమ్మకాన్ని మళ్లీ చేతిలోకి తీసుకునే ముందు నేను వెళ్లాల్సిన చోటు ఒకటి ఉంది.

మర్నాడు హూడి వెళ్లాను. చెల్లెలు మిద్దె మీద ఆరిన బట్టలు మడుస్తోంది. దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. గడ్డివామి దగ్గర ఏమన్నానో, ఎందుకన్నానో, కళ్లంలో ఏమన్నానో.

చేతిలో చొక్కా అలాగే పట్టుకుని వింది.

"అంటే నువ్వు అట్లనే చెప్పినావా? దేవుని పాలు, ఎంచద్దు అని?"

"అట్లనే చెప్పినా."

"నాకు గుర్తుండాది" అంది మెల్లగా. "కానీ నువ్వు అందరి ముందర అంత గట్టిగా చెప్తివి కదా. నేనే తప్పుగా విన్నానేమో అనుకుంటి. పోను పోను, అసలు నువ్వేమీ చెప్పలేదు, నేనే కల కన్నానేమో అనుకుంటి."

"నువ్వు ఒక్కటి కూడా తప్పలేదు."

చొక్కా మడిచి పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకుంది. "నాయన పోయే ముందర నా చెయ్యి పట్టుకుని, నిన్ను చదివించలేకపోతినమ్మా అన్నాడు. నువ్వు మంచం పక్కనే ఉండావు."

"ఉన్నా."

"అప్పుడన్నా చెప్పింటే ఆయనకు తెలిసేది."

అది ఏడవలేదు, కోప్పడలేదు. బట్టలన్నీ మడిచి, లేచి, "ఆ ఇస్కూలు ఇంకా ఉండాదా?" అని అడిగింది.

"ఉంది."

"నన్ను తోలుకొని పో."

"ఇప్పుడా? ట్రాఫిక్..."

"ఇప్పుడే."

ఆటోలో గంటన్నర పట్టింది మడివాళకు. మార్కెట్ దాటి, పీజీ హాస్టళ్ల బోర్డుల మధ్య సందులో బడి. పాత పెంకుల గదులు పోయి మేడ వచ్చింది. గేటు ఒక్కటే అక్కడే ఉంది. బడి వదిలే వేళ. పిల్లలు మా మధ్య నుంచి, మా పక్కల నుంచి ఉరుకుతున్నారు. అది ఒక చేత్తో గేటు కమ్మీ పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడింది. వాచ్‌మన్ వచ్చి, "యారు బేకమ్మా?" అని కన్నడంలో, ఎవరు కావాలని అడిగాడు. "యారూ బేడప్పా" అంది, ఎవరూ వద్దని.

తర్వాత నా వైపు తిరిగింది. "మన ఊరికి ఇక్కణ్ణుంచి ఎట్ల పోతా ఉండిరి?"

"అటు. కానీ నీ మోకాళ్లు..."

అప్పటికే నడవడం మొదలుపెట్టింది. పెద్ద రోడ్డుకు వచ్చి, ఫ్లైఓవర్ కింద నుంచి, మెట్రో స్తంభాల పక్కగా, పగిలిన ఫుట్‌పాత్ మీద. హారన్లలో మాట వినపడదు. నేను చేయి అందించాను, పట్టుకోలేదు. రెండు చోట్ల ఆగి, అరుగు మీద కూర్చుని, మోకాళ్లు నొక్కుకుని లేచింది. నేను లోపల ఒక్కటే అనుకుంటున్నాను: ఇంకా దూరం ఉండాలి, ఇంకా చాలా దూరం ఉండాలి. ఆడపిల్ల అంత దూరం ఎలాగూ నడవలేకపోయేదిలే, నాలుగు రోజులు పోయి మానేసేదిలే అని ఇన్నేళ్లుగా చెప్పుకున్న మాట ఒకటి నాలో ఉంది. అది అప్పుడే అబద్ధం కాకూడదని, ఆ నడకలో కూడా, నా గురించే భయపడుతున్నాను.

ఒక మందుల దుకాణం ముందు ఆగాను.

"ఏమి?"

"ఇదే. మన ఇల్లు ఇక్కడే ఉండేది."

నమ్మలేనట్టు చుట్టూ చూసింది. కాలి కింద నేల చూసింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, మేము వచ్చిన దారి వైపు చేయి అడ్డం పెట్టుకుని చూసింది. అరవై దాటిన మనిషి, అరిగిన మోకాళ్లతో, మధ్యలో రెండుసార్లు కూర్చుని నడిచింది. గంట కూడా పట్టలేదు.

"ఇంతేనా అన్నా?"

"ఇంతే."

"అడివి దాటి పోవల్ల అన్నట్టు చెప్తా ఉండె నాయన." చేయి దించలేదు. "నేను నడిచేదాన్ని."

"నడిచేదానివి" అన్నాను.

మందుల దుకాణం అబ్బాయి ఏం కావాలని అడిగాడు. ఏమీ వద్దని చేయి ఊపాను. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ అది నా వైపు చూడటం లేదు. మడివాళ వైపు చూస్తోంది, ఎవరో అటు నుంచి రావాల్సి ఉన్నట్టు. ఎండ తగ్గేదాకా అలాగే నిలబడింది. నేను దాని పక్కన నిలబడ్డాను.